యూనివర్సిటీ బీడులో ఎన్ని గొర్లు మేపొచ్చు?

వరంగల్ చుట్టుపక్కల ఒక యూనివర్సిటీకి వంద ఎకరాల చెల్క (ఎర్ర ఇసుక నేల) బీడు ఉందనుకుందాం. కొంత గుట్ట, కొంత బండ, ఓ మూల సర్కారు తుమ్మ పొదలు, మిగిలిందంతా గడ్డి. బయటి నుంచి పిడికెడు మేత తేకుండా ఏడాది పొడవునా ఇందులో ఎన్ని గొర్లను సాకొచ్చు? నోటిలెక్కకు వచ్చే జవాబు ఎప్పుడూ వందల్లోనే ఉంటుంది. కాగితం మీద వేస్తే నలభై దగ్గర ఆగుతుంది.

లెక్క ఇలా నడుస్తుంది. వంద ఎకరాలంటే దాదాపు 40 హెక్టార్లు. బండలు, బాటలు, తుమ్మ పొదలు ఆక్రమించిన ఆరు హెక్టార్లు తీసేస్తే మేతకు పనికొచ్చేది 34. ఏళ్ల తరబడి అడ్డూ అదుపూ లేకుండా మేసిన బీడులో ఎండు లెక్కన హెక్టారుకు 1,200 కిలోల గడ్డి వస్తే గొప్పే. బాగా కాపాడిన నేలలో అది మూడు టన్నులు కూడా దాటుతుంది. 1,200 చొప్పున మొత్తం 40,800 కిలోలు. ఇందులో సగం నేల మీదే ఉండాలి: వేరు బతకడానికి, చినుకు దెబ్బ నేరుగా మట్టికి తగలకుండా ఉండడానికి, విత్తనం రాలడానికి. మిగతా సగంలోనూ కాళ్ల కింద నలిగేది ఉంటుంది, చెదలు తినేది ఉంటుంది, పేడ పడి పశువు ముట్టనిది ఉంటుంది. అవన్నీ పోగా నోట్లోకి చేరేది మొత్తంలో 30 శాతం అనుకుంటే 12,240 కిలోలు. పాతిక, ముప్పై కిలోల గొర్రె రోజుకు తన బరువులో మూడు శాతం ఎండు మేత తింటుంది. రోజుకు ఎనిమిది వందల గ్రాముల పైచిలుకు, ఏడాదికి 300 కిలోలు. భాగిస్తే నలభై.

2017లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మనం అనుకున్న వంద ఎకరాలు మోయగలిగేది అలాంటివి రెండు యూనిట్లు, అంతే. ఈ సంగతి గొల్లకురుమలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల మంద ఏడాదంతా బీడు మీద ఉండదు. వానాకాలం బీడులో, కోతలయ్యాక పొలాల కొయ్యకాళ్ల మీద, ఎండాకాలం చెరువు శిఖంలో (నీళ్లు తగ్గాక బయటపడే నేలలో), తుమ్మకాయల కింద మేస్తుంది. బీడు మీద ఆరు నెలలే ఉంటే అదే గడ్డి 80 గొర్లకు వస్తుంది. గడ్డి పెరగలేదు, మంద కాలాన్ని పంచుకుంది.

యూనివర్సిటీ చేతిలోని భూమితో సహజ వనరుల నిర్వహణ నేర్పాలంటే మొదట నేర్పాల్సింది ఈ లెక్క. రెండోది, ఈ లెక్క ఎక్కడెక్కడ తప్పుతుందో.

రాంచ్ అక్కడ, కంచె ఇక్కడ

అమెరికా పడమటి రాష్ట్రాల్లో కొన్ని యూనివర్సిటీలకు సొంత రాంచ్‌లు ఉన్నాయి: వేల ఎకరాల మేత నేల, అందులో పశువుల మంద, దాని మీదే కోర్సులు. అరిజోనాలో శాంటా రీటా మేత పరిశోధన క్షేత్రం 1903లో మొదలైంది. ఇప్పుడు దాన్ని అరిజోనా యూనివర్సిటీ చూస్తోంది. దాని అసలు ఆస్తి పశువులు కావు. ఒకే గుర్తు దగ్గర నిలబడి, ఒకే దిక్కుకు, దశాబ్దాలుగా తీస్తూ వచ్చిన ఫొటోలు. గడ్డి నేల మీదికి మెస్కీట్ చెట్లు ఎలా కమ్ముకొచ్చాయో వాటిలో కనిపిస్తుంది. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దాయాదే.

మనకు అంతంత విస్తీర్ణాలు లేవు గానీ, విద్యాసంస్థలకు కొదవ లేదు. మామునూరు, కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వరంగల్‌లోనూ, జగిత్యాల పక్కన పొలాసలోనూ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాలు ఉన్నాయి. ములుగులో అటవీ కళాశాల ఉంది (ఇది సిద్దిపేట జిల్లా ములుగు, మేడారం దారిలోది కాదు). పశువైద్య కళాశాల అన్నాక బోధన కోసం పశువుల ఫామ్ ఉండి తీరాలన్నది భారత పశువైద్య మండలి నిబంధన. అయితే ఇలాంటి ఫామ్ మామూలుగా షెడ్డు చుట్టూ తిరుగుతుంది: పాల దిగుబడి, దాణా పాళ్లు, టీకాలు, ఈతల రికార్డు. షెడ్డు వెనకాల బీడు పాఠంలోకి రాదు. మ్యాపులో అది ఖాళీ స్థలం.

ఖాళీ అన్న ముద్ర పడ్డ నేలకు ఏమవుతుందో 2025లో హైదరాబాద్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ చూపింది. చెట్ల నరికివేత ఆపడానికి సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. అసలు ఊళ్లలో కంచె అంటే పశువుల మేతకు కట్టడి చేసి ఉంచిన నేల. పేరులోనే దాని వాడకం ఉంది.

చట్రం ఎక్కడ పడితే అక్కడ వేస్తే

గడ్డి కొలతకు కావాల్సిన సామాను తక్కువ: ఒక మీటరు భుజం ఉన్న ఇనుప చట్రం, కొడవలి, కాగితం సంచులు, గ్రాముల త్రాసు, ఆరబెట్టే ఓవెన్. చట్రంలో పడ్డ గడ్డిని నేల మట్టానికి కోసి, 65 డిగ్రీల దగ్గర 48 గంటలు, లేదా తూకం ఇక తగ్గదనే దాకా ఆరబెట్టి తూస్తారు. గ్రాముల్ని పదితో హెచ్చిస్తే హెక్టారుకు కిలోలు వస్తాయి. 120 గ్రాములు అంటే 1,200 కిలోలు. పెరుగుదల పతాకస్థాయికి చేరి, ఆకు ఇంకా రాలని సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్య దాకా ఈ పని చేయాలి.

చేయి తిరగని వాళ్లు చేసే మొదటి తప్పు, చట్రాన్ని గడ్డి ఉన్న చోటే వేయడం. బోసి నేల మీద వేస్తే కోయడానికేమీ ఉండదు, పని చేసినట్టు అనిపించదు. అందుకే మనిషి ఇష్టానికి వదలకుండా, ఒక గీత వెంట ప్రతి 20 అడుగులకోసారి పడేలా ముందే నిర్ణయించాలి. సున్నా వచ్చిన చట్రమూ లెక్కే. రెండో తప్పు పచ్చి తూకం. ఆగస్టులో కోసిన నూరు గ్రాముల గడ్డిలో ఎండుది పాతిక, ముప్పై గ్రాములకు మించదు, నవంబరులో అది యాభై దాటుతుంది. పచ్చి తూకాన్ని ఎండు తూకంగా రాసిన జట్టు నలభై గొర్ల బీడును నూట యాభై గొర్లకు లాగేస్తుంది. మూడోది, పశువు నోరు పెట్టనిదాన్ని కూడా కోసి సంచిలో వేయడం. వయ్యారిభామ, తంగేడు, ముదిరిన బోద గడ్డి తూకంలోకి రాకూడదు. పందిముళ్ల గడ్డి లేతగా ఉన్నప్పుడు మంచి మేతే. గింజ పట్టాక దాని మెలిక ముల్లు గొర్రె చర్మంలోకి దిగి పుండు చేస్తుంది. అందుకే అది ఏ నెలలో కోశారన్న దాన్ని బట్టి లెక్కలోకి వస్తుంది లేదా పోతుంది.

తంగేడు రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో ఉండాల్సిందే. మేత నేలలో మాత్రం అది ఇష్టంగా విరగబూసిందంటే, తినదగినవన్నీ ముందే తినేశారని అర్థం. మన గడ్డి నేలలు దక్కను పీఠభూమి అంతటా ఉండే సెహిమా–డైకాంథియం రకానివి (రెండు గడ్డి జాతుల పేర్లవి), 1973 నాటి వర్గీకరణ ప్రకారం. ఎక్కువ మేపిన కొద్దీ ఇక్కడ మొదట పోయేది ఏళ్ల తరబడి బతికే దుబ్బు గడ్డి. దాని చోట ఒక్క వానాకాలం బతికే గడ్డి వస్తుంది, తర్వాత పశువు ముట్టని మొక్కలు, చివరికి బోసి నేల. విద్యార్థి మొక్కల పేర్లు వల్లె వేయడం కంటే, నిలబడ్డ చోటు ఈ వరుసలో ఏ మెట్టు మీద ఉందో చెప్పగలగడం ముఖ్యం.

ఇంకొకటి, ఎన్ని చట్రాలు చాలు? చట్రానికీ చట్రానికీ తేడా సగటులో 60 శాతం దాకా ఉండే నేలలో ఇరవై చట్రాలు కోస్తే వచ్చే సగటు 27 శాతం అటూ ఇటూ ఊగుతుంది. అంటే నలభై గొర్లు అన్న జవాబు నిజానికి 29 నుంచి 51 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఆ ఊపును సగానికి తగ్గించాలంటే చట్రాలు రెండింతలు చేస్తే చాలదు, నాలుగింతలు కావాలి: ఎనభై. ముప్పై మంది తరగతికి కూడా ఎనభై చట్రాలు కోసి ఆరబెట్టడం కష్టం. అందుకని పదిహేను కోసి, ఒకటి నుంచి ఐదు దాకా కంటితో మార్కులు వేయడం వాటి మీద సరిచూసుకుని, మిగతా అరవై అయిదింటికి కంటి మార్కులే వేస్తారు. గుట్ట, చెల్క, వాగు ఒడ్డు మూడింటినీ వేర్వేరుగా లెక్కించడం వల్ల ఊపు ఇంకా తగ్గుతుంది. గణాంకాల క్లాసులో నిద్రపట్టే పాఠమే ఇక్కడ పదకొండు గొర్ల అమ్మకంగా మారుతుంది.

కొన్న మేత దాచేది

నలభై గొర్ల బీడు మీద వంద గొర్లు ఉన్నాయనుకోండి. అరవై గొర్లకు ఏడాదికి 18,000 కిలోల ఎండు మేత తక్కువ పడుతుంది. ప్రైవేటు కాపరి అయితే అమ్ముకుంటాడు, లేదా మందను తోలుకుని ఎటో పోతాడు. యూనివర్సిటీ ఫామ్ రెండూ చేయదు. మేత కొంటుంది. ట్రాక్టర్లలో వరిగడ్డి వస్తుంది, బిల్లు మేత పద్దులో పడుతుంది, గొర్లు బతుకుతాయి, ఫామ్ బాగా నడుస్తున్నట్టు రిజిస్టర్లు చెబుతాయి. భూమికి తగిలిన దెబ్బ ఏ పద్దులోనూ పడదు. విద్యార్థికి అందే పాఠం కూడా అదే: వనరు తరిగితే కొనుక్కోవచ్చు.

కాబట్టి బోధనకు పెట్టుకున్న నేలకు రెండు పద్దులు ఉండాలి. ఒకటి నేల మీద పండిన మేత, రెండోది గేటు దాటి లోపలికి వచ్చిన మేత, రెండూ ఎండు కిలోల్లోనే. రెండో పద్దు మొదటి దానిలో పదో వంతు దాటితే ఆ ఏడాది మంద పరిమాణం తప్పని ఒప్పుకోవాలి. పదో వంతే ఎందుకన్నదానికి శాస్త్రీయ ఆధారం ఏమీ లేదు. ఏదో ఒక గీత ముందే గీసుకోకపోతే ప్రతి జట్టూ తన ఏడాదికి మినహాయింపు కోరుతుంది.

అంటే నిల్వ మేత అసలు వద్దని కాదు. అది ఎప్పుడు పెట్టాలన్నదే పేచీ. మేత లేదు కదా అని మే నెలలో పెట్టడం అందరికీ తోచేది. నిజానికి మేలో ఎండు గడ్డి కొరికితే దుబ్బుకు పెద్దగా నష్టం లేదు, సగం వదిలిపెట్టినంత వరకు. జూన్‌లో తొలకరి పడి చిగురు వేసిన మూడు, నాలుగు వారాలే అసలు గండం. దుబ్బు వేరులో దాచుకున్న బలమంతా ఆ చిగురులో పెడుతుంది. సరిగ్గా అప్పుడే ఎండాకాలమంతా ఆకలితో ఉన్న మంద దాని మీద పడుతుంది. గడ్డి జానెడు ఎత్తు వచ్చేదాకా గొర్లను దొడ్డిలో ఉంచి నిల్వ మేత వేయాల్సింది అప్పుడు. ఆ నెల ఇంకో రెండు జాగ్రత్తలు కావాలి. ఒక్కసారిగా లేత పచ్చి మేస్తే గొర్రెను ఉన్నట్టుండి చంపే చిటుక రోగం వస్తుంది గనక టీకా వానలకు ముందే పడాలి. బెట్టకు వాడి మళ్లీ చిగిర్చిన లేత జొన్నలో నాము అనే విషం ఉంటుంది, అటు వైపు మంద పోకూడదు.

నిల్వ మేతకు ఉత్తర తెలంగాణలో ఇప్పుడు కరువు లేదు. అంతా వరే. హార్వెస్టర్ కోసి వెదజల్లిన గడ్డిని తగలబెట్టేస్తున్నారు. బేలర్‌తో కట్టలు కట్టించి తెచ్చుకున్నా ఒట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు, నాలుగు శాతమే. దాన్ని యూరియాతో మాగబెట్టడం పాత పద్ధతే: నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, పాలిథీన్ కప్పి మూడు వారాలు గాలి చొరకుండా మూయడం. చెడేది కప్పడం దగ్గరే. అంచుల్లో మట్టి సరిగా వేయకపోతే అమ్మోనియా బయటికి పోతుంది, బూజు లోపలికి వస్తుంది. తెరిచాక కాసేపు ఆరనిచ్చి వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు.

మూసిన తడక, విడిచిన తడక

వంద ఎకరాలను నాలుగు తడకలుగా, అంటే విడివిడిగా మూయగల ముక్కలుగా విడదీసి, ఏటా ఒక దాన్ని జూలై నుంచి గింజ రాలేదాకా పూర్తిగా మూయడం అన్నిటికన్నా తేలిక పద్ధతి. నాలుగేళ్లలో ప్రతి తడకకూ ఒకసారి విత్తనం వేసుకునే అవకాశం వస్తుంది. వ్యవసాయ, అటవీ డిగ్రీలు కూడా నాలుగేళ్లే, ఒక బ్యాచ్ ఒక చుట్టు పూర్తిగా చూడగలదు. మిగతా మూడింటిలో వానాకాలం వారం మేపి, కనీసం నెల వదలాలి. మూడు తడకలతో ఆ లెక్క కుదరదు గనక వాటిని లోపల మళ్లీ రెండేసి ముక్కలు చేస్తారు. సోలార్ తీగ అక్కడికి పనికొస్తుంది, గోడ కట్టడం కంటే చవక. అయితే వేసవిలో చెల్క నేల పూర్తిగా ఎండి ఎర్త్ అందదు, తీగ ముట్టుకున్నా గొర్రెకు చురుక్కుమనదు. ఒక కడ్డీ చోట మూడు పాతి, వాటి మొదట్లో నీళ్లు పోస్తూ ఉండాలి. వానాకాలం దీనికి తిరగబాటు: గడ్డి పెరిగి కింది తీగకు తగిలి కరెంటు అంతా నేలలోకి దిగిపోతుంది.

దుబ్బు గడ్డి పూర్తిగా పోయిన చోట విత్తనం వేయక తప్పదు. అంజన్ గడ్డి గింజ దూదిలా తేలిక, తడి ఇసుకలో కలిపి చల్లితే గాలికి పోదు. సెంటీమీటరు లోతు దాటితే మొలవదు, ఆ ఏడాది కోసిన గింజకన్నా ఆరు నెలలు నిల్వ ఉన్నది బాగా మొలుస్తుంది. స్టైలో (పప్పుజాతి మేత మొక్క) గింజ పెంకు గట్టిది, 80 డిగ్రీల నీళ్లలో నాలుగైదు నిమిషాలు ముంచి తీయాలి. మరిగే నీళ్లలో వేస్తే ఉడుకుతుంది. వానకు ముందే పొడి నేలలో చల్లితే చీమలు మోసుకుపోతాయి. ఇవన్నీ సరిగ్గా చేసి, మొదటి ఏడాదే మందను వదిలితే వేళ్లతో సహా లేచి వస్తుంది.

నీళ్ల దగ్గర కూడా అంకెలతోనే మొదలుపెట్టాలి. వరంగల్ వైపు ఏటా దగ్గర దగ్గర వెయ్యి మి.మీ. వాన, ఎక్కువ భాగం నాలుగు నెలల్లో. గంటలో 50 మి.మీ. కురిస్తే హెక్టారు మీద 500 ఘనపు మీటర్ల నీళ్లు పడతాయి. 30 శాతం పారిపోతుందనుకుంటే 150. మూడు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకంలో పట్టేది ముప్పావు ఘనపు మీటరు. హెక్టారుకు రెండు వందల కందకాలు తవ్వాలి! ఆ అంకె చూశాక గడ్డి విలువ తెలుస్తుంది. పారేది 30 శాతం నుంచి 15కు తగ్గితే కందకాలు నూరు చాలు, ఆ తగ్గించే పని చేసేది నేల మీద వదిలిన సగం గడ్డి. కందకాల దగ్గర మామూలుగా జరిగే పొరపాటు, తవ్విన మట్టిని ఎగువన వేయడం. మొదటి వానకే అది లోపలికి జారి పూడిపోతుంది. మట్టి దిగువన, అంచు నుంచి జానెడు ఎడం వదిలి పోయాలి.

నీళ్ల తొట్టి ఎక్కడ పెడితే అక్కడ నేల బోసిపోతుంది. తొట్టి నుంచి 50, 200, 500 మీటర్ల దగ్గర ఒక ఇనుప గొట్టం ముక్కను నేలలోకి దిగగొట్టి, కొలిచిన నీళ్లు పోసి, ఇంకడానికి పట్టే సమయం రాసుకుంటే మంద అడుగుల బరువు నిమిషాల్లో తెలుస్తుంది. చెరువు శిఖానికి తోలితే ఇంకో సమస్య. తడి గట్ల మీద జలగ రోగం (కార్జంలో చేరే పురుగు) అంటుతుంది.

సర్కారు తుమ్మ విషయంలో ఆవేశం పనికిరాదు. పై నుంచి నరికితే ఒకటికి పది కొమ్మలు వేస్తుంది. మొదలు చుట్టూ తవ్వి జానెడు లోతున మొద్దు కింద కోస్తేనే చస్తుంది. కాయ గొర్లకు ఇష్టం, గింజ అరగకుండా పెంటికలో బయటపడి మొలుస్తుంది. అందుకని తుమ్మ కింద మేసిన మందను మూసిన తడకలోకి మార్చే ముందు వారం రోజులు దొడ్డిలో పెట్టాలి. కాయను ఏరి దంచి పెడితే గింజా నలుగుతుంది, దాణా ఖర్చూ తగ్గుతుంది. అంతా పీకేయాలా, బొగ్గు కాల్చుకునే వాళ్ల కోసం ఒక పక్క ఉంచాలా అన్నది తరగతి తేల్చుకోవాల్సిన ప్రశ్న. దానికి పుస్తకంలో జవాబు ఉండదు.

గోడ అవతలి వాళ్లు

ఊళ్లో బంచరాయి, గైరాను లాంటి ఉమ్మడి మేత భూములు కరిగిపోయిన చోట యూనివర్సిటీ బీడే మిగిలిన పెద్ద మేత. ప్రహరీకి కంత పడటం ఖాయం. వాచ్‌మన్‌ను పెంచడం ఫామ్ ఆఫీసుకు తెలిసిన ఒకే మందు. అది రాత్రి మేపును పెంచుతుందే గానీ ఆపదు. మూసిన తడకలో గింజ రాలాక, నవంబరులో, ఊరి వాళ్లు కోసుకుపోవడానికి మనిషికి ఇన్ని మోపులని లెక్క పెట్టి ఇస్తే ఆ తడకను జూలైలో కాపాడే పని వాళ్లే చూసుకునే వీలుంది. కోసిన ప్రతి మోపునూ గేటు దగ్గర తూచి మొదటి పద్దులోంచి తీసేయాలి, లేకపోతే లెక్క మళ్లీ అబద్ధమవుతుంది. ఇప్పపువ్వు, తునికాకు కాలంలో పెట్టే నిప్పు కూడా మాటల్లో తేలేదే. అయినా ఫిబ్రవరి లోపు మూడు, నాలుగు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కి అగ్గి గీతలు వేసుకోవడం మానకూడదు.

సెమిస్టర్‌కు వానతో పని లేదు, పొలానికి సెమిస్టర్‌తో పని లేదు. జూన్ చిగురు, అక్టోబరు కొలత, మే కరువు మూడూ ఒకే సెమిస్టర్‌లో పడవు. అందుకే ఈ కోర్సును ఏడాది పొడవునా నడిచే చిన్న పనిగా పెట్టాలి, వారానికి ఒక పూట. జట్టుకు ఒక తడక, ఐదుగురు విద్యార్థులు. మూడు తేదీలు ముందే కట్టుబడి ఉండాలి: జూలై 31, సెప్టెంబరు 15, అక్టోబరు 31. ఆ రోజు చేతిలో ఉన్న వాన లెక్క, గడ్డి లెక్క చూసి ఎన్ని గొర్లు ఉంచాలో, ఎన్ని అమ్మాలో జట్టు రాసి ఇవ్వాలి. జూలైలో అమ్మితే మంచి ధర వస్తుంది, వాన తర్వాత పడితే తొందరపడ్డామని బాధ. అక్టోబరు దాకా ఆగితే అందరూ అమ్మేది అప్పుడే, ధర దిగుతుంది. మార్కులు ఊహ నిజమైందా అన్నదానికి కాదు, రాసిన కారణానికి, మే నెలాఖరున తడకలో మిగిలిన గడ్డి ఎత్తుకు. పది సెంటీమీటర్ల కంటే తక్కువ మిగిలితే సగం మార్కులు పోయినట్టే.

అమ్మకానికి అనుమతి రావడానికి మూడు నెలలు పట్టే ఫామ్‌లో ఈ తేదీలకు అర్థం లేదు. టెండరు పిలిచి, కమిటీ కూర్చుని, ఫైలు తిరిగొచ్చేసరికి గడ్డి అయిపోతుంది, వరిగడ్డి ట్రాక్టరు గేటు దగ్గర ఉంటుంది. కనుక కోర్సు మొదలుపెట్టే ముందు సిలబస్ కన్నా ముందుగా కావాల్సిన కాగితం ఒకటుంది: ఫలానా సంఖ్య దాకా గొర్లను ఫామ్ అధికారి తన సంతకంతోనే వారం లోపు అమ్మేయొచ్చన్న ఉత్తర్వు.

ఆ తర్వాత ప్రతి తడకలో రెండు ఇనుప మేకులు, కాంక్రీటులో పాతినవి. అక్టోబరు మొదటి వారంలో, ఉదయం, మేకు మీద నిలబడి, ఛాతీ ఎత్తున కెమెరా పట్టి, రెండో మేకు వైపు ఒక ఫొటో. మేకుల దూరం, దిక్కు, ఫొటో, చట్రాల తూకాలు అన్నీ ఒకే నోటుబుక్‌లో ఉంటాయి. అది విద్యార్థులతో పోదు, ఫామ్ బీరువాలోనే ఉంటుంది. జూన్‌లో పాత బ్యాచ్ కొత్త బ్యాచ్‌కు అప్పగించేటప్పుడు చేయాల్సిన మొదటి పని, తడకలోకి పోయి మేకు ఎక్కడుందో వెతికి చూపించడం. తుమ్మ కమ్ముకుని మేకు కనిపించకపోతే, ఆ ఏడాది మొదటి నమోదు అదే అవుతుంది.